ఉత్తుత్తి పెళ్లికి ఒప్పుకోని ఊరు

మాఘమాసంలో మా నెల్లూరు తీరాన ఒక చేపల పల్లెలో సినిమా షూటింగు జరిగింది. వారం పైగా నేనూ అక్కడే ఉన్నాను. సినిమాలతో నాకేమీ సంబంధం లేదు. దర్శకురాలు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, నూరేళ్ల కిందట ఈ తీరంలో జనం ఎలా బతికేవారో చెప్పమని అడిగింది.

"నాకు నూరేళ్లు లేవమ్మా" అన్నాను.

"మీకు తెలిసినవాళ్లు ఉంటారు కదండీ."

అది నిజం. విలేకరికి సొంత తెలివి అంటూ పెద్దగా ఉండదు. ఏ విషయం ఎవరికి తెలుసో మాత్రం తెలుస్తుంది. పత్రికలో రిటైరయ్యాక నాకు మిగిలిన ఆస్తి కూడా అదే. ఆ అమ్మాయిని తీసుకుపోయి ఈ పల్లెలో ఊరిపెద్దకు పరిచయం చేశాను. ఊరిపెద్దను వాళ్లు కాపు అంటారు. వేటకు ఎప్పుడు పోవాలి, ఎప్పుడు పోకూడదు అన్నది ఆయన మాటే. ఆయన దర్శకురాలిని ఎగాదిగా చూసి, "ఈ పాపేనా సినిమా తీసేది? నేను ఎవురో గడ్డమాయన వస్తాడనుకున్నా" అన్నాడు. ఆమె పకపకా నవ్వింది. అక్కడితో పని అయిపోయింది.

సినిమా కథ ఆమె నాకు ముందే చెప్పింది. నూరేళ్ల కిందట ఒక పడవవాళ్ల ఇంట్లో కొడుకుగా పుట్టిన బిడ్డ, తాను ఆడదాన్నేనని పెరిగి పెద్దదవుతుంది. ఉప్పు కొటారులో పని చేసే ఒకాయన ఆమెను ఇష్టపడతాడు. పెళ్లి చేయాలా వద్దా అని ఊరు కూర్చుంటుంది. చివరికి ఊరే దగ్గరుండి చేస్తుంది. "ఏడుపు సినిమా కాదండీ, పెళ్లి సినిమా" అంది దర్శకురాలు. ఆ మాట నాకు నచ్చింది.

నూరేళ్ల కిందటి కథ కాబట్టి పల్లెలో చాలా వాటిని దాచాల్సి వచ్చింది. ఫైబరు బోట్లన్నిటినీ సరుగుడు తోపు వెనక్కి లాగారు. సెల్ టవరుకు అడ్డంగా తాటాకుల పందిరి లేపారు. దక్షిణం వైపు కృష్ణపట్నం థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు మాత్రం ఎవరి మాటా వినలేదు. అందుకని సినిమా మొత్తం ఉత్తరం వైపే చూస్తూ తీశారు.

కథానాయిక వేషం వేసినామె నాకు ముందునుంచీ తెలుసు. కోవూరులో దోశెల బండి పెట్టుకుని బతుకుతోంది. కారం దోశె బాగా వేస్తుంది, నోరు అంతకన్నా ఘాటు. ట్రాన్స్ మహిళ. ఒకప్పుడు వీధి నాటకాలు ఆడేది. దర్శకురాలు ఎవరెవరినో చూసి, చివరికి ఆ బండి దగ్గర దోశె తింటూ ఈమెను ఎంచుకుంది. "అద్దంలో చూసుకుంటే నాకే నవ్వొస్తా ఉంది సార్, దోశెల పెనం పట్టే చేతికి గాజుల గలగల" అంది నాతో మొదటిరోజు.

ఆమెకు నిజంగానే ఒక పెళ్లి కుదిరి ఆగి ఉంది. అబ్బాయిది కోవూరే. థర్మల్ ప్లాంటుకు సిబ్బందిని తీసుకుపోయే బస్సు డ్రైవరు. మాట తక్కువ మనిషి. రెండేళ్లుగా ఆమె బండి దగ్గరే టిఫిను తింటూ, ఒకరోజు చిల్లర తీసుకోవడం మర్చిపోయి, దానికోసం వచ్చి, చిల్లర సంగతి వదిలేసి పెళ్లి చేసుకుంటావా అని అడిగాడట. అతని తల్లి మొదట గొడవ పడింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత ఒప్పుకుంది. ఒప్పుకుంటూ ఒక మాట అంది. "ఆడపిల్ల తరఫున ఎవురో ఒకరు వచ్చి పీటల మీద కూర్చోవాల. దిక్కులేని దాన్ని తెచ్చుకున్నామని రేపు నలుగురూ అనకూడదు. నాకు కాదు, దానికే నామర్దా."

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆమె పుట్టిల్లు కోవూరుకు అవతల వరి పొలాల ఊరు. అన్నదమ్ములు ఉన్నారు. రామని ఫోన్లోనే చెప్పేశారు. గుడిలో పూజారి కూడా అదే అడిగాడు, కన్యాదానం చేసేవాళ్లు ఎవరమ్మా అని. "పెళ్లికొడుకు దొరికినాడు సార్, అమ్మానాయనలే దొరకలా" అని ఆమె తమాషాగా అనేది. ఆ తమాషా రోజుకొకసారి అనేది. మనసులో ఉన్నదాన్నే మనిషి అన్నిసార్లు నవ్వుతూ చెబుతుంది.

షూటింగు రోజుల్లో ఆమెకు బస కాపు ఇంట్లోనే. కాపు భార్య ఇప్పటికీ తెల్లారి చేపల బుట్ట ఎత్తుకుని ఆటోలో పోయి అమ్ముకొచ్చే మనిషి. ముగ్గురు కొడుకులు, ఆడపిల్ల లేదు. ఈమెను చూసిన మొదటిపూటే, "ఏం మే, ఎముకలు లెక్కపెట్టొచ్చు నిన్ను, సినిమావోళ్లు కూడు పెట్టరా?" అని చేపల పులుసు వడ్డించింది. రెండోరోజుకు 'పాపా' అని పిలిచింది. కాపునీ ఆయన భార్యనీ చూసి దర్శకురాలు, సినిమాలో పెళ్లికూతురి అమ్మానాన్నల వేషాలు వీళ్లే వేయాలని పట్టుబట్టింది. వాళ్లూ సరేనన్నారు. ఊరు కూర్చున్న సన్నివేశంలో కాపు చెప్పాల్సిన మాట ఒక్కటే. అదీ మర్చిపోయి, తన మాటేదో చెప్పాడు. అదే బాగుందని ఉంచేశారు.

ఇక పెళ్లి తీసే రోజు.

పొద్దున్నే నేను పోయేసరికి దర్శకురాలు ఇసుకలో నిలబడి తల పట్టుకుంది. పెళ్లి పందిరి వెనకాల సముద్రం మీద తెరచాపలెత్తిన తెప్పలు కనబడాలని ఆమె కోరిక. దానికోసం పాతకాలపు తెప్పలు కట్టించింది, పల్లె మగవాళ్లను మాట్లాడింది. తీరా చూస్తే తెప్పలన్నీ ఒడ్డునే ఉన్నాయి. మగవాళ్లు ఉతికిన చొక్కాలు వేసుకుని తిరుగుతున్నారు.

"కాపుగారూ, ఏమైందండీ? ఒక్క పడవ కూడా నీళ్లలో లేదు!"

"ఊర్లో పెళ్లి గదమ్మా. పెళ్లినాడు వేటకు పోకూడదని మా కట్టుబాటు. రాత్రే చాటించినా."

"అయ్యో, అది సినిమా పెళ్లి!"

"పందిరేసినారు. మామిడాకులు కట్టినారు. అయ్యవారు వచ్చినాడు. మేళం వచ్చింది. ఇంకేందమ్మా?"

"కథ నూరేళ్ల కిందటిది కదా..."

"నూరేళ్ల కిందట మా తాతలు మాత్రం పోయుంటారా?"

 ఆమె నవ్వేసి, కెమెరా అతనికి కేకేసి, తెప్పలు ఒడ్డునే ఉండనీ, పందిరి పక్కన వరసగా పెట్టమంది. అప్పటికి అదొక వేడుకగానే తోచింది నాకు. ఆ ఊరు ఆ పొద్దు ఏ మనసుతో నిద్ర లేచిందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

రిహార్సలు మొదలైంది. పెళ్లికూతురు పీట మీద కూర్చుంది. పక్కన పెళ్లికొడుకు వేషంలో సినిమా నటుడు, మంచి పొడగరి, నెమ్మదైనవాడు. కాపు దంపతులు ఎదురుగా. అయ్యవారు నిజమైన అయ్యవారే, పక్క ఊరినుంచి వచ్చాడు. ఆయన అన్నీ వరసగా చెబుతూ వచ్చి, "అమ్మా, చెంబు తీసుకోండి, అబ్బాయి చేతిలో నీళ్లు ధార పోయాలి" అన్నాడు.

కాపు భార్య చెంబు ఎత్తింది. అమ్మాయి మొహం చూసింది. చెంబు దించి పక్కన పెట్టింది.

"ఇది మాత్రం నా వల్ల కాదు" అని లేచి, చెంగు దులుపుకుని పందిరి దాటి పోయింది.

ఆమె లేవడంతో కాపు కూడా లేచాడు. దర్శకురాలు ఇంకో ఆవిడను అడిగింది, ఆవిడ తల అడ్డంగా ఊపింది. మరొకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది. అంతవరకు కళకళలాడిన పందిరి చప్పబడిపోయింది. పెళ్లికూతురు ఎవరివైపూ చూడలేదు. బాసికం విప్పుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని కాపు ఇంటి అరుగు మీదికి పోయి కూర్చుంది.

నేనూ వెనకాలే పోయాను.  ఇది కాకతాళీయం కాదు, ముగ్గురు ఆడవాళ్లు వరసగా కాదన్నారు కదా అని నాకే మనసు చివుక్కుమంది. అంతలో కాపు భార్య ఇంట్లోంచి మజ్జిగ గ్లాసుతో వచ్చి, ఆమె పక్కనే చతికిలబడింది.

"అలిగినావా మే?"

"లేదవ్వా. అలవాటే."

"ఏందే అలవాటు?"

"నా పెళ్లంటే ఎవురో ఒకరు లేచి వెళ్లిపోవడం."

"నేను యాడికి పోయినా? నీ పక్కనే ఉండా గదా. తాగు ముందు."

ఆమె గ్లాసు పుచ్చుకుంది, తాగలేదు. కళ్లలో కాటుక చెదిరింది. ముసలామె తన కొంగుతో తుడుస్తూ మాట్లాడింది. దెబ్బలాడుతున్నట్టే మాట్లాడింది, ఆమె ఏం మాట్లాడినా అలాగే ఉంటుంది.

"నీళ్లు ధార పోసినామంటే నువ్వు మా బిడ్డవయినట్టే. రేపు పండక్కి నిన్ను పిలవాల. చీర పెట్టాల. నీకు జరమొస్తే నేను రావాల. నీ మొగుడు నిన్ను కొడితే మా పిలకాయలు ముగ్గురూ పోవాల. ఇయ్యన్నీ ఒప్పుకోనే గదా నీళ్లు వదిలేది? సినిమావోళ్లు సామాన్లు లారీకి ఎక్కించుకోని పోతారు. నువ్వూ పోతావు. నేను నీళ్లు వదిలిన బిడ్డ యాడుందో నేనెక్కడని ఎతుక్కునేది?"

ఆమె తలెత్తి చూసింది. "అందుకా అవ్వా పందిట్లోంచి లేచొచ్చింది?"

"మరెందుకనుకున్నావు?"

 ఆమె మజ్జిగంతా ఒక్క గుక్కలో తాగేసింది.

"నేను యాడికీ పోను అవ్వా. కోవూర్లోనే ఉంటా. నా బండి ఆడనే ఉంది."

"ఆ పిలగాడో? ఆ పొడుగాయన?"

"ఆయనకు పెళ్లయింది. ఒక బిడ్డ కూడా."

ముసలామె మండిపడింది. "పెళ్లయినోడికి నా బిడ్డను ఇస్తానా! అయ్యవారికి బుద్ధి లేదా? నీకన్నా ఉండొద్దా?"

నవ్వు ఆపుకోలేక నేను స్తంభం వైపు తిరిగాను. తిరిగేసరికి అక్కడ బస్సు డ్రైవరు ఉన్నాడు. ఆ రోజు సెలవు పెట్టి, తనకు కాబోయే భార్య ఇంకొకరితో పీటల మీద కూర్చోవడం చూడలేక, పొద్దుటినుంచి ఆ స్తంభం చాటున నిలబడి ఉన్నాడట. ముసలామె అతన్ని వేలు పెట్టి చూపించింది.

"రోజూ సాయంత్రం వచ్చి ఈ అరుగు మీద కూర్చోని, మంచినీళ్లు అడిగి, ఒక్క ముక్క మాట్లాడకుండా పోతాడు. ఎవురే ఈయన?"

"నాకు కుదిరినాయన అవ్వా."

"ఈయన చేతిలో అయితే పోస్తా."

అంతే. ఒక్క మాట. అది వేషం గురించి చెప్పిన మాట కాదని అరుగు మీదున్న అందరికీ తెలిసిపోయింది. డ్రైవరు స్తంభం వదిలిపెట్టి రెండడుగులు ముందుకు వచ్చి, ఏం చేయాలో తెలియక ఆమె కాళ్లకు దండం పెట్టాడు. "లెయ్, లెయ్, ఇంకా అల్లుడివి కాలా" అందామె.

కాపు మాత్రం తొందరపడలేదు. ఊరి పద్ధతిలో అన్నీ అడిగాడు. అమ్మాయిని అడిగాడు. అబ్బాయిని అడిగాడు. కొడుకులను పిలిచి, "మీకు ఒక చెల్లెల్ని తెస్తున్నా, ఎవురికన్నా అభ్యంతరం ఉందా?" అన్నాడు. పెద్దవాడు, "అమ్మ ఒప్పుకుందా?" అని అడిగి, ఒప్పుకుందని తెలిసి, మిగిలినదంతా అనవసరం అన్నట్టు మేళగాళ్లకు టీ చెప్పడానికి పోయాడు.

"మగపెళ్లివారు ఎవురున్నారు?"

"అమ్మ ఒక్కతే" అన్నాడు డ్రైవరు.

ఫోన్ చేశాడు. అవతల తల్లి మొదటి ప్రశ్న మాకందరికీ వినపడింది. "ఆడపిల్ల తరఫున ఎవురురా?"

కాపు భార్య ఫోన్ లాక్కుంది. "నేనుండా. నువ్వెవురు?"

"నేను పిల్లోడి అమ్మను."

"అయితే మాటలెందుకు, బయల్దేరు. మంచి కోక కట్టుకోనిరా, సినిమాలో పడతావు."

ఇదంతా దర్శకురాలికి చెప్పే బాధ్యత నా మీద పడింది. చాలాకాలం వార్తలు రాశాను గాని ఇంత మంచి వార్తను నోటితో చెప్పింది అదే మొదలు.  ప్రొడక్షన్ మేనేజరు వెలుతురు పోతుందని పక్కన గొణుగుతున్నాడు. ఆమె అతని మాట విననట్టే కెమెరా అతన్ని పిలిచి చెప్పింది. దూరం నుంచి తీసే షాట్లలో నటుడు ఉంటాడు, ముందే తీసేద్దాం. దగ్గరనుంచి చేతులు మాత్రం కనబడే షాట్లలో డ్రైవరు చేతులు. ధార పోసేదీ, తాళి కట్టేదీ ఆ చేతులే.

నటుడు అందరికన్నా సంతోషించాడు. "బతికించారండీ. మా ఆవిడకు ఏం చెప్పాలా అని పొద్దుటినుంచీ భయంగా ఉంది" అన్నాడు. తన ఉత్తరీయం తీసి డ్రైవరు భుజాల మీద వేశాడు. మేకప్ అతను డ్రైవరు ఎడమ మణికట్టు పట్టుకుని నిట్టూర్చాడు. ఏళ్లతరబడి వాచీ పెట్టుకున్న చోట తెల్లటి పట్టీలా మచ్చ ఉంది. నూరేళ్ల కిందట ఉప్పు కొటారు మనిషికి వాచీ ఎక్కడిది? గోధుమరంగు పొడి పూసి పూసి దాన్ని మాయం చేశాడు.

తల్లి ఆటోలో దిగింది. ఆకుపచ్చ పట్టుచీర, తలనిండా పూలు. నేరుగా పందిట్లోకి వచ్చి, పెళ్లికూతురి పక్కన పెళ్లికొడుకు వేషంలో పొడుగాయన్ను చూసి గతుక్కుమంది. "వీడెవుడు? మా వాడేడి?" పీట దగ్గర నటుడు గబగబా లేచి చేతులు జోడించాడు. పల్లె పల్లెంతా నవ్వింది. అలా నవ్వుకుంటూనే వియ్యపురాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు చీరలు చూసుకున్నారు, తర్వాత మొహాలు. కాపు భార్య, "మా బిడ్డకు నోరు ఎక్కువ, ముందే చెప్తా ఉండా" అంది. ఆవిడ, "మా వాడికి నోరే లేదు. సరిపోతుంది" అంది.

కళాదర్శకుడు తెచ్చిన తాళి ఇత్తడిది. కాపు భార్య దాన్ని పక్కకు తోసి, దారానికి పసుపుకొమ్ము కట్టి తెచ్చింది.

ముసలాయన అమ్మాయి చేతిని, నటుడు లేచిన పీట మీద కూర్చున్న డ్రైవరు చేతిలో పెట్టాడు. ముసలామె చెంబు ఎత్తింది. ఈసారి దించలేదు. సన్నటి ధార ఆ చేతుల మీదుగా పళ్లెంలోకి పడుతుంటే, అంతవరకు తమాషాలాడిన పెళ్లికూతురు మొహం వెలిగిపోతోంది.  ఎవరూ ఆమెను అలా ఉండమని చెప్పలేదు. మేళం మోగింది, ముడులు పడ్డాయి, అక్షింతలు నా నెత్తిన కూడా పడ్డాయి.

"కట్!" అంది దర్శకురాలు.

ఆడవాళ్లు అప్పుడే మంగళహారతి ఎత్తుకుని ఉన్నారు. ఒక్కరూ ఆపలేదు. దర్శకురాలు మళ్లీ "కట్ అండీ" అంది, గొంతు ముందుకన్నా చిన్నగా. హారతి పళ్లెం పట్టుకున్న ముసలామె ఆమె వైపు ఉరిమి చూసింది. మధ్యలో ఆపితే ఎలా అని ఆ చూపు. దర్శకురాలు చెప్పులు విప్పి పక్కన పెట్టి, ఆడవాళ్ల వరసలో చేరి నిలబడింది. కెమెరా తిరుగుతూనే ఉందని చాలాసేపటికి గాని ఎవరూ గమనించలేదు.

భోజనాల దగ్గర ఒక చిక్కు వచ్చింది. చేపల పల్లెలో పెళ్లి, విస్తరిలో చేప లేదు. పడవలు ఆపింది కాపే మరి. యూనిట్ వాళ్ల సాంబారన్నంలో, ఇళ్లలోంచి తెచ్చిన ఎండుచేపల వేపుడు నంజుకుని తిన్నాం. "నా నోటితో నేనే చేసుకున్నా" అని ఆయన ప్రతి బంతికీ వచ్చి సంజాయిషీ చెప్పుకున్నాడు. వియ్యపురాలు రెండుసార్లు అడిగి వడ్డించుకుంది.

సినిమా ఇంకా విడుదల కాలేదు. డబ్బింగు దశలో ఉందన్నారు. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి నమోదు చేయించుకున్నప్పుడు సాక్షి సంతకాలకు కాపు కొడుకులు ఇద్దరు వచ్చారని విన్నాను. మూడోవాడు తననెందుకు పిలవలేదని అలిగాడట.

ఎండలు ముదిరి, తొలకరి పడ్డాక ఒకరోజు కోవూరు సెంటర్లో డ్రైవరు కనబడ్డాడు. ప్లాంటు బస్సు పక్కన నిలబడి టీ తాగుతున్నాడు. సీటు మీద ఒక సంచి, అందులో మామిడిపండ్లు, మల్లెపూల పొట్లం. మనిషి దిగులుగా ఉన్నాడు. ఇంట్లో అంతా క్షేమమేనా అని అడిగాను.

"ఇంట్లో ఎవురున్నారన్నా? పుట్టింటికి పోయింది."

"గొడవ పడ్డారా ఏం?"

"గొడవేం లేదన్నా. ఆషాఢం. అత్తగారు మొదటిరోజు పొద్దున్నే వచ్చి తీసకపోయింది. కొత్త కోడలు, కొత్త అత్త ఒకే ఇంట్లో ఉండకూడదంట ఈ నెల. శ్రావణం వస్తే గాని పంపదంట. మా అమ్మేమో, అదే మంచిదిలే అని సంచి సర్ది మరీ పంపించింది."

ఆషాఢంలో పుట్టింటికి పోవడం ఎంత మామూలు విషయం! ఎన్ని ఇళ్లలో ఎంతమంది కొత్త అల్లుళ్లు ఇలా దిగాలుగా టీ తాగుతూ ఉంటారో! కాని ఆ మాట అతని నోట వినడానికి, ఒక మనిషి ఎంతకాలం ఎదురుచూసిందో నాకు తెలుసు. ఓదార్చాల్సింది పోయి నేను నవ్వాను. అతనికి కోపం రాలేదు.

"ఫోన్ చేస్తే ఎత్తదన్నా. ఎత్తినా, అమ్మ పిలస్తా ఉంది, మళ్లా మాట్లాడతా అని పెట్టేస్తది. అమ్మ, అమ్మ. పొద్దస్తమానం అమ్మే."

"మరి ఈ మామిడిపండ్లు ఎవరికయ్యా? ఆషాఢంలో అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు కదా?"

అతను గ్లాసు బల్ల మీద పెట్టి, చుట్టూ ఒకసారి చూసి, మొదటిసారి నవ్వాడు.

"గడప తొక్కకూడదంతే గదన్నా" అన్నాడు బస్సెక్కుతూ. "సముద్రం ఒడ్డున ఇసకలో గడప యాడుంది?"